గ్రావెల్ కింద వరిమడి

కరివేపాకు మొక్క పెడదామని దొడ్లో గుంట తీయిస్తే మొదటి మూడడుగులూ ఎర్ర గ్రావెలే వచ్చింది. గడ్డపార వేసిన ప్రతిసారీ ఖణేలుమని మోత. తవ్వే ఆయన "ఇంకెంత లోతు పోవాలమ్మా" అని రెండుసార్లు అడిగాడు. మూడో అడుగు దాటాక ఉన్నట్టుండి మోత ఆగిపోయింది. గడ్డపార మెత్తగా దిగింది. తీసి చూస్తే నల్లగా, జిగటగా, తడి ఆరని బంకమట్టి. ఆయన ఒక ముద్ద చేతిలోకి తీసుకుని నలిపి, "మడిమట్టి" అన్నాడు. "ఈడ రెండు కార్లు, రెండు పంటలు, పండేదమ్మా. మా అమ్మ ఈ పక్కకే నాట్లకొచ్చేది."

మాది నెల్లూరు చెరువు కింద మడుల్లో వేసిన లేఅవుట్లలో ఒకటి. పదకొండేళ్ళ కిందట ఇల్లు కట్టేటప్పుడు, స్థలం రోడ్డు మట్టానికి రావాలని ఇరవై రెండు టిప్పర్ల గ్రావెల్ తోలించాం. ట్రిప్పుల లెక్క రాసుకుని డబ్బులిచ్చింది నేనే. ఏం పూడుస్తున్నామో తెలియదా అంటే తెలుసు. పక్క స్థలంలో అప్పటికింకా వరి మోళ్ళున్నాయి. తెలిసి ఉండటం వేరు, ఆ మట్టి గోళ్ళ సందుల్లో ఇరుక్కుంటే కడుక్కోవడం వేరు. ఆ గుంట తీయించింది 2021 వేసవిలో. అప్పటికే నా మిద్దె మీద తోట మొదలై ఏడాదయింది. ఆ రోజు దాకా నేను కూడా అందరికీ చెప్పేదాన్ని: "ఇంటికో తోట పెట్టుకుంటే చాలు, మన తిండి మనమే పండించుకోవచ్చు" అని.

ఇప్పుడు చెప్పడం లేదు. తోట మాత్రం మానలేదు. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదిరిందని మా చెల్లెలు అడిగింది. దానికి ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

2020 లాక్‌డౌన్‌లో చాలామందికి పట్టిన పిచ్చే నాకూ పట్టింది. హైదరాబాదులో తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మిద్దెతోట అనే మాటని ఇంటింటికీ చేర్చి అప్పటికే కొన్నేళ్ళయింది. మా స్కూల్లో తోటి టీచర్లు వాళ్ళ మిద్దెల మీద కాసిన వంకాయల ఫోటోలు పొద్దున్నే పంపించేవాళ్ళు. చూసి చూసి నేనూ దిగాను. పెద్ద సంచులు తెప్పించాను, కొబ్బరిపొట్టు ఇటుకలు తెప్పించాను, వర్మీకంపోస్టు, విత్తనాల పొట్లాలు, గ్రీన్ నెట్, రెండొందల లీటర్ల డ్రమ్ము. సంచి ఎక్కడో తయారై వచ్చింది. కొబ్బరిపొట్టు పొల్లాచ్చి నుంచి వచ్చింది. విత్తనం బెంగుళూరు నుంచి వచ్చింది. వీటన్నిటినీ మిద్దె ఎక్కించి, బోరునీళ్ళు పోసి, కాసిన కాయకి "మన ఊరి పంట" అని పేరు పెట్టాను.

చిన్నప్పటి నుంచీ లెక్కలు రాసే జబ్బుంది నాకు. మొదటి ఏడాది ఖర్చు 13,800 రూపాయలు. కోసిన ప్రతిదీ వంటింటి త్రాసులో తూచాను, మొత్తం 61 కిలోలు. కిలో 226 రూపాయలు పడింది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో రెండొందల దాకా పోతే దేశమంతా గగ్గోలెత్తిపోయింది. అంతకు మూడేళ్ళ ముందే అంతకంటే ఎక్కువ పెట్టి, ఎవరితోనూ చెప్పుకోకుండా, సొరకాయ తిన్న మనిషిని నేను.

న్యాయంగా చెప్పాలంటే ఆ తర్వాత ఖర్చు బాగా తగ్గింది. సంచుల జాగాలో పగిలిన నీళ్ళ డ్రమ్ములు వచ్చాయి. ఎండాకు, వంటింటి చెత్త కలిపి ఎరువు చేయడం చేతనయింది. విత్తనం నేనే కట్టుకుంటున్నా. నాలుగో ఏడాదికి ఖర్చు 2,100, దిగుబడి 94 కిలోలు. నా కూలి కట్టకపోతే కిలో 22 రూపాయలు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మనిషికి రోజుకి కనీసం 400 గ్రాముల కూరగాయలూ పండ్లూ కావాలి. మా నలుగురికీ ఏడాదికి 584 కిలోలు. ఆరో వంతు కూడా నిండలేదు. అదీ మాకు సొంత మిద్దె ఉండి, బోరుంటే, నాకు సాయంత్రం నాలుగున్నరకి ఇంటికొచ్చే ఉద్యోగం ఉంటే.

ఇంకో చిక్కు ఎవరూ చెప్పరు. తోటల గురించి తెలుగులో వచ్చే సలహాల్లో ఎక్కువ హైదరాబాదు గాలిలో పుట్టినవి. జూన్‌లో తొలకరి పడగానే విత్తండి అంటారు. జూన్‌లో నెల్లూరు మిద్దె ఎక్కి చూశారా? రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మాకు మృగశిరలో కూడా పగులుతూనే ఉంటాయి. మా వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. మాది ఈశాన్య రుతుపవనం. నైరుతి మా మీదుగా మబ్బులు తోలుకుపోతుందే గానీ పెద్దగా విదల్చదు. మా జిల్లాలో అసలు వరి కూడా అందరూ కోతలకి సిద్ధమవుతున్నప్పుడు నాట్లేసుకుంటుంది. వేసవిలో కాలువ కింద వేసేదాన్ని ఎడగారు అంటాం. ఈ మాట పక్క జిల్లాలు దాటితే ఎవరికీ అర్థం కాదు.

రెండేళ్ళు జూన్‌లో విత్తి, జూలైలో మాడ్చి, నాకు అర్థమయింది ఏమిటంటే చిత్త కార్తె ముందు మా మిద్దె మీద పెద్ద పనులేవీ పెట్టుకోకూడదు. చిత్త, స్వాతి కార్తెల్లో నారు పోసుకోవాలి. విశాఖలో తుఫానులొస్తాయి, నారుని వసారాలో దాచుకోవాలి. డిసెంబరు రెండో వారం నుంచి మార్చి దాకా మా తోటని పట్టడానికి వీల్లేదు. చిక్కుడు పందిరి కనపడకుండా కాస్తుంది, టమాటా చెట్లు బరువుకి ఒరిగిపోతాయి, వంకాయలు కోసేవాళ్ళుండరు. సరిగ్గా అప్పుడే బజార్లో కూడా ఇవన్నీ కారుచవక. మా మిద్దె మీద పుష్కలంగా ఉన్నప్పుడు బజార్లోనూ పుష్కలమే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా బజార్లో ధర మండుతుంటే మిద్దె కూడా మండుతుంటుంది. రాత్రి వేడి తగ్గకపోతే టమాటాకి పూత నిలవదు, రాలిపోతుంది. 2023 జూలైలో, దేశంలో టమాటా బంగారమైన ఆ నెలలో, నా పుస్తకంలో టమాటా గడిలో సున్నా ఉంది. "ధరలు పెరిగితే మీకేం, మీ తోటుందిగా" అని స్టాఫ్ రూములో ఒకావిడ అంది. నవ్వి ఊరుకున్నా.

వేసవిలో ఏం నిలుస్తుందంటే, మా అమ్మమ్మ దొడ్లో ఏం నిలిచేదో అదే. మునగ. బచ్చలి. గోంగూర. అవిసె. స్నానాలగది నీళ్ళు పోయేచోట రెండు అరటి పిలకలు, నాలుగు చేమదుంపలు. కొబ్బరిపొట్టు అక్కర్లేదు, గ్రీన్ నెట్ అక్కర్లేదు, మనం గుర్తు పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. ఇది తెలుసుకోవడానికి నాకు 13,800 రూపాయలైంది.

సరే, డబ్బు సంగతి పక్కన పెట్టు, దూరం తగ్గుతుందిగా, లారీల పొగ తగ్గుతుందిగా అంటారు. స్థానిక తిండి ఉద్యమానికి ఈ వాదన వెన్నెముక లాంటిది. దీని మీద 2008లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి వెబర్, మాథ్యూస్ అనే ఇద్దరు లెక్క కట్టారు. అమెరికా ఇళ్ళలో తినే తిండి వల్ల పుట్టే, భూమిని వేడెక్కించే వాయువుల్లో 83 శాతం పండించే దశలోనే పుడుతున్నాయట. మోసుకురావడం మొత్తం కలిపి 11 శాతం. అందులో పండించినచోటి నుంచి అంగడి దాకా తెచ్చేది 4 శాతమే. ఆ దేశం లెక్కని మన నెత్తిన యథాతథంగా రుద్దుకోనక్కర్లేదు, మన తిండి వేరు, మన లారీలు వేరు. అయినా ఒక సంగతి తేలుతుంది: ఎంత దూరం నుంచి వచ్చిందన్నది అసలు ప్రశ్న కాదు. ఎలా పండింది, ఎవరు పండించారు, రేపు మళ్ళీ పండుతుందా అన్నవి అసలు ప్రశ్నలు. మదనపల్లె టమాటా తిన్నందుకు నేనేమీ సిగ్గుపడను. ఆ చల్లటి ఎత్తు మీద అది హాయిగా కాస్తుంది. దాన్ని నా మిద్దె మీద ఎండలో హింసపెట్టి కాయించడం ఏ ధర్మం?

దగ్గరలో పండినంత మాత్రాన మన తిండి అయిపోదు కూడా. సముద్రం వైపు మండలాలకి పోతే కనుచూపు మేర రొయ్యల గుంటలే. ఒకప్పటి వరి పొలాలు చాలా వాటిలో ఉన్నాయి. ఆ రొయ్య మా నేలలో పుట్టి మా నీళ్ళలో పెరిగి ఐసు పెట్టెలో అమెరికా పోతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచేసరికి, అంతవరకూ మన ఊసే ఎత్తనివాళ్ళు "మన రొయ్య మనమే తిందాం" అన్నారు. తిన్నాం, బాగానే ఉంది. కానీ సుంకం వస్తే స్థానికం, సుంకం పోతే ఎగుమతి అనే లెక్క నాకు అర్థం కాదు.

అలాగే స్థానికం అంటే పాతది అనుకోవడం కూడా పొరపాటే. మా అమ్మమ్మ నెల్లూరు మొలగొలుకుల గురించి చెప్పేటప్పుడు కళ్ళు మూసుకునేది. ఆ అన్నం ఉడుకుతుంటే వీధి చివరికి వాసన వచ్చేదట. మేము ఇప్పుడు తినేది ఎన్‌ఎల్‌ఆర్ 34449. మన నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే తయారైన రకం, ఇక్కడి రైతు మెచ్చిన రకం. దాన్ని స్థానికం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మొలగొలుకులు పోయాయని నాకూ బాధే. బాధ వేరు, పట్టింపు వేరు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తా. మా వీధికి ఆకుకూరలు తెచ్చే పెద్దమ్మ. కాలువ కింద ముప్పై సెంట్లు కౌలుకి చేసేది. తెల్లారి నాలుగింటికే కోసి, అరటి నారతో కట్టలు కట్టి, షేర్ ఆటోలో మా కాలనీ మొదట్లో దిగి, గంప నెత్తిన పెట్టుకుని ఏడింటికల్లా మా గేటు ముందుండేది. తోటకూర, పాలకూర, చుక్కకూర, మెంతికూర, గోంగూర. ఇరవైకి రెండు కట్టలంటే నేను మూడు అడిగేదాన్ని. మూడిస్తే కొత్తిమీర కొసరు అడిగేదాన్ని. అది బేరం అని కూడా అనుకోలేదు, పొద్దున పలకరింపు అనుకునేదాన్ని.

2021 నవంబరులో పెన్నకి వరదొచ్చింది కదా. సోమశిల డ్యాం గేట్లు ఎత్తారు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది, కోవూరు వైపు ఊళ్ళు మునిగాయి. కడప, చిత్తూరుల్లోనూ అదే గోల. బజారుకి లారీలు రాలేదు, వచ్చిన కాస్త టమాటా వంద దాటింది. నా మిద్దె మీద నారు మొత్తం కుళ్ళిపోయింది. గుంట తీయించేదాకా ఏడాది పాటు "ఆపదలో ఆదుకునేది మన తోటే" అని ఉపన్యాసాలిచ్చిన మనిషిని నేను. మూడో రోజు పొద్దున గేటు చప్పుడైంది. పెద్దమ్మే. గంప మీద యూరియా సంచి కప్పుకుని వచ్చింది. గంపలో ఆమె విత్తినదేదీ లేదు, ఆమె మడి కూడా మునిగింది. మునగాకు, గట్టు మీద చేమాకు, ఎక్కడో మెరక మీద దొరికిన పొన్నగంటి కూర. "ఇదే దొరికిందమ్మా, తింటారో తినరో" అంది. ఆ వారం మా వీధి మొత్తం అదే తిన్నది.

అదే సంక్రాంతికి నేను మొదటిసారి నేలలో తోటకూర వేశాను, ఆ గుంట పక్కన. ఇరవై ఐదు రోజులు నీళ్ళు పోసి, రెండుసార్లు కలుపు తీసి, ఆకుతినే పురుగుని వేళ్ళతో ఏరి, వంగి కోసి కడితే నాలుగు కట్టలయ్యాయి. నాలుగు! ఆమె లెక్కలో నలభై రూపాయలు, నా బేరం లెక్కలో ఇంకా తక్కువ. మర్నాడు ఆమె వచ్చినప్పుడు రెండు కట్టలు తీసుకుని ఇరవై చేతిలో పెట్టాను. ఆమె కదల్లేదు. నా మొహంలోకి చూసి, "ఏందమ్మా, ఒంట్లో బాగాలేదా?" అంది.

నా తోట నాకు ఇచ్చిన వాటిలో ఇంతకంటే గట్టిది ఏదీ లేదు. ఆ 94 కిలోలు కూడా ఇందుకు సాటి రావు.

రెండేళ్ళ కిందట ఒకరోజు ఆమె గంపలో గోంగూర, కరివేపాకు తప్ప ఏమీ లేవు. "మడికి రాళ్ళు పాతేశారమ్మా" అంది. ఆసామి అమ్మేశాడు, ఇంకో లేఅవుట్ వచ్చింది. కౌలు కాగితం ఏమీ లేదు, నోటి మాటే. ముప్పై సెంట్లంటే మా కొలతలో 181 అంకణాలు. (బయటివాళ్ళకి: నెల్లూరులో ఇళ్ళ స్థలాలు గజాల్లో చెప్పం, అంకణాల్లో చెబుతాం. మా అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి వాళ్ళ అంకణం ఇందులో సగం, అక్కడ స్థలం కొనబోయి ఇక్కడి లెక్క వేసుకుని దెబ్బతిన్నవాళ్ళని చూశాను.) ఆ రాత్రి నేను మళ్ళీ పుస్తకం తీశాను. ఎకరానికి 605 అంకణాలు. అంటే ఒక ఎకరా మడి లేఅవుట్ కింద పోతే, ఆ నేలని మిద్దెల మీద తిరిగి తేవాలంటే, 605 ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో అంకణం సాగు చేయాలి. అదీ గ్రీన్ నెట్ కింద, సంచుల్లో, ఏడాదికి నాలుగు నెలలు మాత్రమే. పైగా ఆ ఎకరా తడిసిన నల్లమట్టి. ఏ మందూ సరిగా వేయకపోయినా కారుకి మూడు పుట్ల వడ్లిచ్చే మట్టి. మా పుట్టి 850 కిలోలు. మా కాలనీ ఎన్నెకరాలో నాకు తెలుసు. గుణించి చూసి పుస్తకం మూసేశాను.

కాబట్టి నా వాదన ఇది: ఊరి చుట్టూ ఉన్న కూరనేల గురించి నోరెత్తకుండా మిద్దె తోటల గురించి మాత్రమే మాట్లాడటం, బిందె అడుగున చిల్లి వదిలేసి చెంబుతో నీళ్ళు పోయడం. ఇంటికో తోట అనే నినాదం ఎవరినీ ఇబ్బంది పెట్టదు, అందుకే అందరికీ నచ్చుతుంది. లేఅవుట్ వేసేవాళ్ళకి నచ్చుతుంది, బ్రోచర్‌లో "కిచెన్ గార్డెన్‌కి స్థలం" అని వేస్తారు. సంచులమ్మేవాళ్ళకి నచ్చుతుంది. నాలాంటి వాళ్ళకి మరీ నచ్చుతుంది, పూడ్చిన మడి మీద కూర్చుని పర్యావరణం కాపాడుతున్నామని అనుకోవచ్చు.

కలకత్తా తూర్పున ఉన్న చిత్తడి నేలల గురించి చదివాక ఈ కోపం ఇంకా పెరిగింది. నగరం మురుగునీళ్ళు అక్కడి గుంటల్లోకి పోయి, ఎండకి, నాచుకి తేరుకుని చేపలకి మేతవుతాయి, ఆ నీళ్ళతో, పక్కనున్న ధాపా చెత్తనేలల మీద కూరగాయలు పండుతాయి. దాదాపు 12,500 హెక్టార్లు. 2002లో దాన్ని చిత్తడి నేలల అంతర్జాతీయ పట్టికైన రామ్‌సర్ జాబితాలో చేర్చారు. అక్కడా కబ్జాలున్నాయి, ఆ కూరల్లో భారలోహాల భయమూ ఉంది, స్వర్గమేమీ కాదు. కానీ 2006లో బెంగాల్ ప్రభుత్వం ఆ నేలల్ని కాపాడటానికి ఒక చట్టం చేసింది. అదే 2006లో మన రాష్ట్రంలోనూ ఒక చట్టం వచ్చింది. రుసుము కడితే సాగుభూమిని ఇళ్ళస్థలంగా మార్చుకునే చట్టం. రెండు రాష్ట్రాలు ఒకే ఏడాది రెండు దారులు పట్టాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయి చమురు, ఎరువులు ఆగిపోయినప్పుడు క్యూబా రాజధాని హవానాలో కూరగాయల తోటలు ఎలా లేచాయో గొప్పగా చెబుతుంటారు కదా, అక్కడ కూడా జరిగిన ముఖ్యమైన పని ఊళ్ళోని ఖాళీ నేలల్ని సాగు చేసేవాళ్ళకి ఉచితంగా అప్పగించడం. కుండీలు పంచడం కాదు.

నీళ్ళ సంగతి ఒకటి మిగిలింది. మా అక్కని కనిగిరి వైపు ఇచ్చారు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఆ ప్రాంతం ఫ్లోరైడు నీళ్ళకి పేరుపడింది, వంగిపోయిన కాళ్ళు నడివయసు వాళ్ళలో కూడా కనిపిస్తాయి. వేసవిలో ట్యాంకరు వస్తేనే వాళ్ళింట్లో పాత్రలు కడుగుతారు. నేను ఉత్సాహంగా మిద్దె తోట పెట్టమని చెబితే, అక్క నవ్వి, "మీ నెల్లూరోళ్ళకేమే, మీకు పెన్న ఉంది, సోమశిల ఉంది. నాకు అంట్లు కడిగిన నీళ్ళున్నాయి" అంది. ఆ నీళ్ళతోనే ఆమె దొడ్లో ఒక మునగచెట్టు, ఒక వరస గోంగూర ఏడాది పొడవునా ఉంటాయి. ఏప్రిల్‌లో నా మిద్దె కంటే అక్క దొడ్డే పచ్చగా ఉంటుంది. వాళ్ళ స్థానిక తిండి కంది, సజ్జ, జొన్న. వానని నమ్ముకున్న పైర్లు. వాటి బదులు ట్యాంకరు నీళ్ళతో పాలకూర పెంచమని చెప్పడానికి వెళ్ళిన నన్ను ఏమనాలి?

మందులు లేని తిండి కోసం అంటారా, ఆ మాట ఒప్పుకుంటాను. ముఖ్యంగా కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి ఇంట్లో ఉండాలి. అవి రోజూ తింటాం, కడిగి కూడా అనుమానంగానే తింటాం, జాగా పెద్దగా తీసుకోవు. కానీ మందులు లేకుండా పెంచడం మాటలు చెప్పినంత తేలిక్కాదు. మొదటి ఏడాది నేను జీవామృతం చేశాను. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, ఐదు లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి. పుస్తకంలో ఉన్నట్టే, గ్రాము తేడా లేకుండా. ఆ కొలత ఒక ఎకరాకి అని చివరి వరసలో ఉంది. నేను చివరి వరస చదవలేదు. ఏడంకణాల తోటకి ఎకరా జీవామృతం! నాలుగో రోజుకి ఆ డ్రమ్ము వాసన వీధి మలుపు దాకా పోయింది. పక్కింటి అత్తయ్యగారు కిటికీ మూసుకుని లోపలి నుంచే, "ఏమ్మాయ్, సెప్టిక్ ట్యాంకు తెరిచారా?" అని అడిగారు. మరుసటి ఏడాది ఆశా వర్కరు వచ్చి కుండీల కింద పళ్ళేల్లో డెంగీ దోమ పిల్లలు చూపించి, ఒక్కొక్కటే బోర్లించి పోయింది. నేను పిల్లలకి ఆరో తరగతి సైన్సు చెబుతాను. ఆ పాఠం కూడా చెబుతాను.

ఇదే పని నేర్పుగా చేసే రైతులు మన జిల్లాలోనే ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. పేపర్లో చదివి సంతోషపడ్డాం. వాళ్ళ పంట ఎక్కడ అమ్ముతారో మా వీధిలో ఎవరినైనా అడగండి. రైతు బజార్లు 1999 నుంచీ ఉన్నాయి, ఫతేఖాన్‌పేటలో మాకూ ఉంది. మిద్దె తోటలకి రాయితీ ఇమ్మని అడిగేవాళ్ళం, ఆ బజార్లో కౌలుదారుకి, కాగితం లేని ఆకుకూరల మనిషికి నాలుగడుగుల జాగా ఇమ్మని ఎందుకు అడగం? చెరువు కింద, కాలువల కింద మిగిలిన మడుల్లో కొన్నిటినైనా కూరనేలగా ఉంచమని, మాస్టర్ ప్లాన్‌లో పార్కుకి రంగు వేసినట్టు దానికీ ఒక రంగు వేయమని ఎందుకు అడగం? మొన్న కాలనీ సంఘం మీటింగులో అడిగాను. "మేడం, మీ ఇల్లు కూడా మడిలోనే కదా కట్టింది" అన్నాడు ఒకాయన. అవును. అందుకే అడుగుతున్నానని చెప్పాను. నేను ఎక్కిన నిచ్చెన తీసేయమంటున్నానని వాళ్ళకి అనిపిస్తుంది, అనిపించడంలో తప్పు లేదు. ఇల్లు కావాలనుకునేవాళ్ళకి ఎక్కడో ఒకచోట కట్టక తప్పదు. మెరక నేలలు, గులకనేలలు నెల్లూరు చుట్టూ లేకపోలేదు. అక్కడ గ్రావెల్ తోలాల్సిన పని కూడా ఉండదు. చెరువు కింద మడే ఎందుకు కావాలంటే, ఊరికి దగ్గర, అంకణం రేటు త్వరగా పెరుగుతుంది. ఆ మాట మీటింగులో అన్నాక కాఫీలు వచ్చాయి.

ఈ మధ్య మా ఎదురు స్థలంలో ఇల్లు మొదలుపెట్టారు. ఆ స్థలం ఇన్నేళ్ళూ పూడ్చకుండా తుంగ, తూటికాడతో పల్లంగానే ఉంది. పునాదులకి జేసీబీ దింపితే గ్రావెల్ లేకుండా నేరుగా నల్లమట్టే వచ్చింది. బయట పారబోయడానికి తీసుకుపోతుంటే ఆపి, రెండు ట్రాక్టర్లు మా దొడ్లో పోయించుకున్నాను. పారబోసే మట్టే అయినా ట్రాక్టరుకింతని తీసుకున్నారు. ఒకప్పుడు ఆ మట్టి మీద ఎర్రమట్టి తోలించడానికి ఇచ్చాను, ఇప్పుడు ఎర్రమట్టి మీద ఆ మట్టి తోలించడానికి ఇచ్చాను. మా ఆయన లెక్క రాస్తూ ఏమీ అనలేదు, దగ్గాడు.

ఆ మట్టిలో నేనింకా ఏమీ విత్తలేదు. రెండు వానలు పడగానే మూల నుంచి పొన్నగంటి కూర దానంతట అదే పాకింది. పెద్దమ్మ ఇప్పుడు ఊరవతల ఎవరి మడిలోనో పది సెంట్లు చేసుకుంటోంది, వారానికి మూడు రోజులే వస్తుంది. నిన్న గేటు దగ్గర గంప దించి మా దొడ్లోకి చూసి, "అబ్బా, ఇది యాడదమ్మా!" అంటూ చెప్పులు విడిచి లోపలికొచ్చింది. కొడవలి అడగలేదు, నడుముకే ఉంది. కూర్చుని చకచకా కోసేసింది. నాకొక కట్ట కట్టి గట్టు మీద పెట్టింది. మిగిలిన ఐదు కట్టలూ గంపలో పెట్టుకుని, పక్కింటి అత్తయ్యగారి గేటు కొట్టి, "పొన్నగంటి కూరమ్మా, ఇప్పుడే కోసింది, కట్ట పది" అంటోంది.

అత్తయ్యగారు ఇరవైకి మూడు అడిగారు. ఆమె ఇవ్వలేదు.